సింప్సన్ ఎడారిని దాటకపోతే ఏం?

ఆస్ట్రేలియాలో, మేముండే అడిలైడ్‌లో చలి ముదిరి, జులై స్కూల్ సెలవులు దగ్గర పడుతున్నాయంటే మా తెలుగు మిత్రుల మధ్య సింప్సన్ ఎడారి మాట వస్తుంది. ఫోర్ వీల్ డ్రైవ్ బండి కొన్నవాళ్లలో చాలామందికి అదొక తీరని కోరిక. పడమటి అంచున డల్‌హౌసీ ఊటల దగ్గర బయల్దేరాలి, తూర్పున క్వీన్స్‌లాండ్‌లోని బర్డ్స్‌విల్ చేరాలి. మధ్యలో ఒకదాని వెనక ఒకటిగా 1,100 దాకా ఇసుక దిబ్బలు. వెళ్లొచ్చినవాళ్లను అందరూ అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "ఎన్ని రోజుల్లో దాటారు?" నాలుగు రోజులంటే పర్లేదు, బాగానే చేశారంటారు. మూడు రోజులంటే కళ్లు పెద్దవి చేసి చూస్తారు.

నా అభ్యంతరం ఆ ప్రశ్న మీదే. సింప్సన్‌కు వెళ్లాలి. బండి ఉండి, ఆరోగ్యం ఉండి, ఈ దేశంలో ఉంటూ వెళ్లకపోతే చాలా పోగొట్టుకున్నట్టే. కానీ దాటడమే పనిగా పెట్టుకుని వెళితే ఆ నేలకు నష్టం, మన వెనక వచ్చేవాళ్లకు నష్టం, మనకైతే ఇంకా ఎక్కువ నష్టం. ఎడారి మధ్యదాకా వెళ్లి, కొన్నాళ్లుండి, వెళ్లిన దారినే తిరిగొచ్చినవాళ్ల ప్రయాణం సగంలో ఆగిపోయినట్టు కాదు. నా దృష్టిలో వాళ్లే ఆ చోటును సరిగ్గా చూసినవాళ్లు.

తెలియనివాళ్ల కోసం ఆ చోటు గురించి నాలుగు మాటలు. సౌత్ ఆస్ట్రేలియా, నార్తర్న్ టెరిటరీ, క్వీన్స్‌లాండ్ కలిసే మూలలో ఉంటుంది ఈ ఎడారి. అందులో సౌత్ ఆస్ట్రేలియా వైపు భాగాన్ని 2021 నవంబరులో ముంగా-తిర్రి–సింప్సన్ ఎడారి జాతీయ పార్కుగా ప్రకటించారు. విస్తీర్ణం సుమారు 36,000 చదరపు కిలోమీటర్లు, ఈ దేశంలో ఇదే అతి పెద్ద జాతీయ పార్కు. మాది అనంతపురం. విడగొట్టకముందు మా జిల్లా ఆంధ్రప్రదేశ్‌లో అన్నిటికన్నా పెద్దది, 19,130 చదరపు కిలోమీటర్లు. అలాంటి జిల్లాలు రెండు పక్కపక్కన పెట్టి, అందులో ఒక్క ఊరు, ఒక్క పెట్రోలు బంకు, ఒక్క తారు రోడ్డు లేకుండా ఊహించుకోండి. సరిహద్దు అవతల క్వీన్స్‌లాండ్ వైపు ఇంకో పది లక్షల హెక్టార్ల పార్కు ఉంది, అది 1967 నుంచీ ఉంది. దిబ్బలన్నీ వాయవ్యం నుంచి ఆగ్నేయానికి, ఒకదానికొకటి సమాంతరంగా సాగుతాయి. కొన్ని 200 కిలోమీటర్ల పొడవున తెగకుండా ఉంటాయి. పడమటి వైపు వాలు మెల్లగా ఉంటుంది, తూర్పు వైపు నిట్టనిలువు. అందుకే ఎక్కువమంది పడమటి నుంచి తూర్పుకు వెళతారు.

ఇంత నేలను దాటి తీరాలన్న పట్టుదల ఎక్కడి నుంచి వచ్చిందో కాస్త చూడాలి. ఆ కోరిక మనది కాదు, ఇంకెవరో ఏదో అవసరం కోసం పెట్టుకున్నది.

తొలినాళ్లలో వచ్చినవాళ్లు సర్వేయర్లు. 1880లో ఆగస్టస్ పోపెల్ అనే ఆయన మూడు సరిహద్దులు కలిసే చోటును గుర్తించడానికి వచ్చాడు. పాతడానికి తగిన కర్ర అక్కడ దొరకదు కనుక కూలిబా చెట్టు మొద్దును ఎక్కడి నుంచో ఒంటెల చేత లాగించుకొచ్చాడు. పాతిన తర్వాత తేలిందేమిటంటే, కొలిచిన గొలుసు వాడివాడి ఒక అంగుళం సాగిపోయింది. ఒక్కో గొలుసుకు ఒక్కో అంగుళం చొప్పున తేడా పెరుగుతూ పోయి, మొద్దు ఉండాల్సిన చోటు కన్నా వందల మీటర్ల అవతల, ఒక ఉప్పు సరస్సులో పడింది. 1884లో లారీ వెల్స్ దాన్ని సరైన చోటికి మార్చాడు. ఆ చోటే పోపెల్ మూల. ఇప్పుడు అక్కడ బళ్లు ఆపి, సరిహద్దుకు మూడు వైపులా మూడు అడుగులు వేసి అందరం ఫోటోలు దిగుతాం. నాకు ఆ చోటంటే ఇష్టమే. ఆ ఎండలో, ఆ నీటి కరువులో గొలుసు పట్టుకుని నడిచినవాళ్ల ఓపికకు దండం పెట్టాలి. కానీ వాళ్లకు కావాల్సింది ఒక గీత.

1929లో సెసిల్ మాడిగన్ అనే భూగర్భ శాస్త్రవేత్త విమానంలో తిరిగి సర్వే చేసి, అడిలైడ్ పారిశ్రామికవేత్త ఆల్ఫ్రెడ్ సింప్సన్ పేరు ఈ ఎడారికి పెట్టాడు. 1936లో టెడ్ కోల్సన్ అనే పశువుల రైతు ఒంటెల మీద పడమటి నుంచి బర్డ్స్‌విల్ దాకా వచ్చాడు. దాటిన మొదటి తెల్లవాడు అని ఆయన్నే చెబుతారు. ఆయన వెంట పీటర్ ఐన్స్ అనే ఆదివాసీ సహచరుడు ఉన్నాడు. ఆ పేరు మాత్రం చాలామందికి తెలియదు. 1962లో రెగ్ స్ప్రిగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త భార్యనూ ఇద్దరు పిల్లలనూ నిస్సాన్ పెట్రోల్‌లో ఎక్కించుకుని దాటాడు. మోటారు బండి మీద అదే మొదటిసారి. ఆ మరుసటి ఏడాది నుంచి చమురు వెతికే ఫ్రెంచ్ పెట్రోలియం కంపెనీవాళ్లు బుల్డోజర్లతో దిబ్బల మీదుగా తిన్నగా దారి కోశారు. నేల లోపల పేలుళ్లు జరిపి, వచ్చే కంపనాలను కొలవాలంటే దారి తిన్నగా ఉండాలి. అక్కడ బతకడానికి పనికొచ్చే చోటు, నీడ ఉన్న చోటు, నీళ్లున్న చోటు వాళ్ల లెక్కలోకి రాలేదు. చమురు దొరకలేదు, వాళ్లు వెళ్లిపోయారు, దారి మిగిలింది. ఈరోజు అందరూ గొప్పగా చెప్పుకునే 'ఫ్రెంచ్ లైన్' అదే. డ్రిల్లింగ్ రిగ్గుల కోసం దక్షిణాన వేసింది 'రిగ్ రోడ్'. మనం బండి తోలేది ఆ పాత పని జాడల మీదే.

వీళ్లెవరూ రాకముందు అక్కడ వంగ్కంగురు ప్రజలు ఉండేవాళ్లు. ఎడారి మధ్యలోనే ఉండేవాళ్లు. దిబ్బల మధ్య పల్లాల్లో, ఇసుక కింద మంచినీళ్లు నిలిచే చోట్లు వాళ్లకు తెలుసు. అక్కడ ఇరుకైన సొరంగం లాంటి బావులు తవ్వుకునేవాళ్లు. వాటిని మికిరి అంటారు. కొన్ని ఏడు మీటర్ల లోతు దాకా ఉండేవట. వాన పడినప్పుడు గుంటల్లో నీళ్లు చేరతాయి కాబట్టి దూరదూరాలకు వెళ్లేవాళ్లు, గుంటలు ఎండిపోతే బావుల దగ్గరికి చేరుకునేవాళ్లు. 1886లో డేవిడ్ లిండ్సే అనే అన్వేషకుడు లోపలికి రాగలిగాడంటే, ఒక వంగ్కంగురు మనిషి ఒక బావి నుంచి ఇంకో బావికి దారి చూపించాడు కాబట్టే. చుట్టూ పశువుల పెంపకందార్ల స్థావరాలు, క్రైస్తవ మిషన్లు వచ్చాయి. 1900 ప్రాంతానికి చివరి కుటుంబాలు కూడా ఎడారి విడిచి బయటికి వచ్చేశాయి. ఆ బావుల పేర్లు, వాటి కథలు, పాటలు వాళ్లలో పెద్దవాళ్లు గుర్తుంచుకుని చెప్పగా, లూయీస్ హెర్కస్ అనే భాషా శాస్త్రవేత్త దశాబ్దాల తరబడి రికార్డు చేసి పెట్టారు. 2014లో కోర్టు వంగ్కంగురు, యర్లుయండి ప్రజలకు ఈ నేల మీద సంప్రదాయ హక్కు ఉందని తేల్చింది.

నా వాదనకు మూలం ఇక్కడే ఉంది. 'మనుషులు లేని ఎడారి, దాటి చూపిస్తాం' అన్న ఊహ నిజానికి సరిపడదు. ఒకరి బతుకంతా గడిచిన చోటది. పుట్టిన పిల్లలు, పాటలు, తగాదాలు, పెళ్లిళ్లు అన్నీ ఆ బావుల చుట్టూనే జరిగాయి. మనం ఒకరి ఊరి మధ్య నుంచి వెళ్తున్నామని తెలిస్తే బండి స్పీడు తగ్గిస్తాం. అక్కడ ఇళ్లు కనిపించవు కనుక తగ్గించం. తెలిసి తగ్గించాలని నేనంటున్నాను.

ఇంకో మాట ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లలో ఇది తెలిసినవాళ్లు తక్కువ. 1860ల నుంచి ఈ లోపలి నేలల్లో ఒంటెలు తోలింది చాలావరకు అఫ్గానిస్తాన్, బలూచిస్తాన్, సింధు, పంజాబు నుంచి వచ్చినవాళ్లు. అందరినీ కలిపి 'అఫ్గాన్లు' అనేసేవారు గానీ, వాళ్లలో అప్పటి బ్రిటిష్ ఇండియావాళ్లే చాలామంది. గోధుమపిండి, టీ పొడి, రైలు పట్టాలు, టెలిగ్రాఫ్ తీగలు అన్నీ వాళ్ల ఒంటెల మీదే లోపలికి చేరాయి. లారీలొచ్చాక ఒంటెలను వదిలేశారు. ఇప్పుడు సింప్సన్‌లో మనకు ఎదురయ్యే అడవి ఒంటెలు వాటి సంతానమే. చూడ్డానికి అందంగా ఉంటాయి గానీ, ఎండాకాలంలో మందలుగా వచ్చి ఉన్న కాసిని నీటిగుంటలనూ తొక్కి పాడు చేస్తాయి.

ఇక దారి సంగతి. బళ్లు నడిపేవాళ్లు ఇది శ్రద్ధగా చదవండి.

దిబ్బ ఎక్కలేకపోయినప్పుడు చాలామంది చేసే పని, ఇంకాస్త వెనక్కి వెళ్లి ఇంకాస్త స్పీడుగా రావడం. టైర్లలో గాలి తారు రోడ్డు మీద ఉన్నట్టే 36, 38 పీఎస్ఐ ఉంటే టైరు సన్నగా నిలబడి ఇసుకలోకి దిగుతుంది, తిరిగినకొద్దీ తవ్వుతుంది. ఆ తవ్విన చోట తర్వాతి బండి ఎగిరి పడుతుంది, పడిన చోట ఇంకో గుంత. సీజన్ మధ్యకొచ్చేసరికి దిబ్బల పడమటి వాలు మొత్తం వరుస గుంతలే. సస్పెన్షన్ విరిగేది అక్కడే, రూఫ్ ర్యాకు ఊడేది అక్కడే. అదే టైరులో గాలి 16కు దించి చూడండి. ఒంటె పాదం నేల మీద పరుచుకున్నట్టు టైరు పొడవునా పరుచుకుంటుంది, బరువు పంచుకుంటుంది. అంతకుముందు మూడుసార్లు జారిపోయిన బండి 'లో రేంజ్' అనే తక్కువ స్పీడు గేర్లలో, రెండో గేరులో, ఇంజను అరవకుండా నెమ్మదిగా ఎక్కేస్తుంది. పైకొచ్చేసరికి యాక్సిలరేటర్ వదలాలి, ఎందుకంటే నెత్తిన ఏముందో కనిపించదు. ఎక్కలేకపోతే స్టీరింగ్ తిప్పకుండా తిన్నగా రివర్సులో దిగాలి. దిబ్బ వాలు మీద బండి అడ్డం తిరిగితే దొర్లుతుంది.

అంత తక్కువ గాలితో స్పీడుగా పోకూడదు. టైరు వేడెక్కుతుంది, మలుపులో రిమ్ము వదిలేస్తుంది. అంటే టైరు గాలి సరిగ్గా పెట్టుకున్న మనిషి ఎటూ నెమ్మదిగానే వెళ్లాలి. రోజుకు ఎన్ని కిలోమీటర్లు అని ముందే రాసి పెట్టుకున్న మనిషికి అది కుదరదు, అతను గాలి పెంచుతాడు. దారి పాడవడానికి బళ్ల సంఖ్య ఒక్కటే కారణం కాదు, మన టైం టేబుల్ కూడా కారణమే. మా కాన్వాయ్‌లో వెనక బండి మా బావమరిదిది. పొద్దున మొదటి దిబ్బ ఎక్కబోయే ముందు రేడియోలో, "బావా, నీది ఎంత పెట్టావు?" అని అడిగేవాడు. ఆ ఒక్క ప్రశ్న అలవాటు చేసుకుంటే చాలు, సగం గొడవలు తీరతాయి.

రేడియో అంటే గుర్తొచ్చింది. ఎడారిలో అందరూ యూహెచ్ఎఫ్ పదో ఛానెల్‌లో ఉంటారు. "తూర్పుకు వెళ్తున్నాం, రెండు బళ్లు, ఫ్రెంచ్ లైన్" అని అప్పుడప్పుడూ చెప్తూ ఉంటే ఎదుటివాళ్లు జాగ్రత్తపడతారు. బండి ముందు పొడవాటి కడ్డీకి మెరిసే రంగు జెండా కట్టడం తప్పనిసరి, నేల నుంచి మూడున్నర మీటర్ల ఎత్తున. దిబ్బకు అవతలి నుంచి వచ్చే బండి కనపడదు, జెండా కనపడుతుంది. దీన్ని అలంకారం అనుకుని చిన్న జెండా కట్టుకొచ్చేవాళ్లను చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది. దిబ్బ నెత్తిన ఎదురెదురుగా గుద్దుకుంటే అక్కడికి అంబులెన్స్ రాదు. మారుమూల రోగుల కోసం వచ్చే ఫ్లయింగ్ డాక్టర్ విమానం దిగడానికి కూడా చోటు కావాలి.

తొందరలో జరిగే ఇంకో ప్రమాదం నిప్పు. స్పినిఫెక్స్ గడ్డి పుల్లలు, గింజలు బండి కింద ఎగ్జాస్ట్ చుట్టూ పేరుకుంటాయి. వేడికి అంటుకుంటాయి. నిమిషాల్లో బండి మొత్తం కాలిపోతుంది. గంటకోసారి ఆగి, బండి కింద పడుకుని, ఆ పుల్లలు పీకేయాలి. రేడియేటర్ ముందు జాలీ కట్టాలి. సాయంత్రానికి పోపెల్ మూల చేరాలన్న టెన్షన్‌లో ఉన్నవాడు గంటకోసారి ఆగడు. కూరుకున్న బండిని లాగేటప్పుడూ అంతే. తాడును బండి వెనక ట్రైలర్ తగిలించే గుండుకు, అంటే టో బాల్‌కి, తగిలించి లాగితే అది ఊడి వచ్చి మనుషులు చనిపోయిన సంఘటనలు ఈ దేశంలో ఉన్నాయి. ముందు పార పట్టుకుని చక్రాల ముందు ఇసుక తీసి, బోర్డులు పెట్టి చూడాలి. అరగంట పడుతుంది. పట్టనివ్వండి.

మేము ఎక్కువసేపు ఉన్నది అప్రొడినా అట్టోరా గుట్టల వైపు. తెల్లటి జిప్సం గుట్టలవి, ఎర్ర దిబ్బల మధ్య వింతగా ఉంటాయి, ముట్టుకుంటే రాలిపోయేంత పెళుసు. వంగ్కంగురు ప్రజలు కలుసుకునే చోటు. మేము గుట్టలకు దూరంగా, దారి పక్కనే గుడారాలు వేసుకున్నాం. ముందుకెళ్లాలన్న ఆలోచన మానేసిన మరుసటి పొద్దున్నుంచి పిల్లలకు అసలు ఎడారి కనిపించడం మొదలైంది. రాత్రి గాలికి దిబ్బ నెత్తి తుడిచి పెట్టినట్టు ఉంటుంది కదా, తెల్లారేసరికి దాని మీద రాత్రి తిరిగినవాళ్ల గుర్తులన్నీ ఉంటాయి. గెంతే ఎలుక జంట పాదాలు, బల్లి తోక గీసిన గీత, కుమ్మరి పురుగు లాంటిదేదో వదిలిన సన్నటి కుట్లు, వాటన్నిటి మీదుగా నింపాదిగా నడిచి వెళ్లిన డింగో. మా చిన్నది ఒక ఎలుక జాడ పట్టుకుని వెళ్లి, అది ఏ గడ్డి దుబ్బు కింద బొరియలో దూరిందో కనిపెట్టింది. ఎండ పెరిగి, గాలి మొదలై, తొమ్మిదయ్యేసరికి అంతా చెరిగిపోయేది. ఏడున్నరకే టెంటు మడిచి బయల్దేరేవాళ్లకు ఇదంతా ఎలా కనిపిస్తుంది?

ఆ శీతాకాలానికి ముందు వాన పడింది. దిబ్బల మీద పచ్చసొన చుట్టూ తెల్లరేకులున్న పూలు విరగబూశాయి. ఇక్కడివాళ్లు వాటిని గుడ్డు పూలంటారు. రామచిలుక జాతి చిన్న పిట్టలు, బడ్జెరిగార్లు, మబ్బు కదిలినట్టు గుంపుగా తిరిగేవి. ఏడాదికి 150 మిల్లీమీటర్ల వాన కూడా సరిగ్గా పడని చోటది. 550 మిల్లీమీటర్లు పడే మా అనంతపురాన్నే మనం కరువు నేల అంటాం.

నీళ్ల మాట వచ్చింది కాబట్టి డల్‌హౌసీ గురించి చెప్పకుండా ఉండలేను. ఎడారి పడమటి అంచున, విట్జిరా జాతీయ పార్కులో ఉన్నాయి ఈ ఊటలు. పెద్ద మడుగులో నీళ్లు 34 నుంచి 38 డిగ్రీల వెచ్చదనంతో ఉంటాయి. బయట సున్నా డిగ్రీల చలి ఉన్న పొద్దున కూడా అందులో దిగొచ్చు. ఆ నీళ్లు గ్రేట్ ఆర్టీసియన్ బేసిన్ అనే భూగర్భ జలాశయానివి. ఈ ఖండంలో ఐదో వంతుకు పైగా, సుమారు 17 లక్షల చదరపు కిలోమీటర్ల కింద వ్యాపించి ఉంది అది. అందులో కొన్ని నీళ్లు నేలలో ఇంకి పది లక్షల ఏళ్లు దాటింది. మడుగులో కాళ్లు పెడితే వచ్చి కొరికే చిన్న చేపల్లో కొన్ని జాతులు డల్‌హౌసీలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేవు.

బోర్ల కోసం పొలాలు తాకట్టు పెట్టి, వెయ్యి అడుగులు దింపినా దుమ్మే చూసిన ఊళ్ల నుంచి వచ్చినవాడిని నేను. అక్కడ నిలబడితే ఒళ్లు జలదరించింది. ఈ దేశంలో కూడా బోర్లు వేసి వందేళ్లకు పైగా నీళ్లను మూత లేకుండా పారనిచ్చారు, ఒత్తిడి తగ్గి చాలా ఊటలు ఎండిపోయాయి. 1999 నుంచి ప్రభుత్వాలు కలిసి ఆ బోర్లకు మూతలు వేసే పని పెద్ద ఎత్తున చేశాయి. ఎడారి లోపల ఉన్న పుర్ని బోరు కూడా 1963లో చమురు కోసం వేసిందే. చమురుకు బదులు మరిగే నీళ్లు వచ్చాయి, ఏళ్ల తరబడి అలాగే పారాయి, తర్వాత ప్రవాహం తగ్గించారు. డల్‌హౌసీలో ఒళ్లు తడిచేలా ఒక మునక వేసి, ఫోటో దిగి, మధ్యాహ్నానికి మొదటి దిబ్బ దగ్గరుండాలని పరుగెత్తే కాన్వాయ్‌లను చూశాను. మనలాంటి నేలల నుంచి వచ్చినవాళ్లయినా అక్కడ ఒక పూట కూర్చోవాలి. సబ్బు రాసుకోకుండా, షాంపూ వాడకుండా. ఆ చేపలకు వేరే చెరువు లేదు.

నా మాటకు ఎదురు చెప్పేవాళ్లున్నారు, వాళ్ల మాటల్లో నిజం ఉంది. "రెండు వారాలు లీవు ఎవరిస్తారు? ఉన్న ఐదు రోజుల్లో దాటాలి కదా" అంటాడు ఒక మిత్రుడు. ఐదు రోజులే ఉంటే దాటకండి అనే నేనంటున్నది. బర్డ్స్‌విల్ చేరినా అక్కడి నుంచి అడిలైడ్‌కు మళ్లీ వెయ్యి కిలోమీటర్ల పైన ఉంది, బర్డ్స్‌విల్ ట్రాక్ మీద. నిద్రలేని కళ్లతో ఆ దారి తోలడం దిబ్బల కన్నా ప్రమాదం.

రెండోది, "ఎక్కువ రోజులుంటే ఎక్కువ నీళ్లు, ఎక్కువ తిండి, ఎక్కువ బరువు, ఎక్కువ రిస్కు" అన్నది. బరువు మాట నిజం. కానీ దాటేవాడు ఎడారికి పడమట ఉన్న మౌంట్ డేర్‌లో నింపుకుంటే బర్డ్స్‌విల్ దాకా ఐదు వందల కిలోమీటర్లకు పైగా డీజిల్ దొరకదు. ఇసుకలో బండి తారు రోడ్డు మీద కన్నా ఒకటిన్నర, రెండు రెట్లు తాగుతుంది. పుర్ని బోరు దాకానో, ఇంకాస్త లోపలికో వెళ్లి తిరిగొచ్చేవాడికి ఆ డీజిల్ బరువు చాలా తగ్గుతుంది, ఆ చోటులో నీళ్ల డబ్బాలు పెట్టుకోవచ్చు. పైగా ముందు ఐర్ క్రీక్ పొంగితే దాటేవాడు ఇరుక్కుంటాడు. ఆ వాగుకు మన తల మీద వాన పడక్కర్లేదు, ఎక్కడో ఉత్తరాన పడిన నీళ్లు ఎండ కాస్తుండగా వచ్చేస్తాయి. వెనక్కి తిరగడం మన ప్లాన్‌లో ఉంటే అది సమస్య కాదు.

మూడో మాట నాకు బాగా తగిలింది. "నీకు నిదానం ఇష్టం, నాకు దిబ్బలెక్కడమే ఇష్టం, అందులో తప్పేముంది?" తప్పు లేదు. బర్డ్స్‌విల్ దగ్గర బిగ్ రెడ్ అనే దిబ్బ ఉంది, 40 మీటర్ల ఎత్తు. దాన్ని ఎక్కడానికి ఎడారి మొత్తం దాటక్కర్లేదు, ఊరి నుంచి గంటలోపు వెళ్లొచ్చు. ఆ సరదా అక్కడ కడుపునిండా తీర్చుకోవచ్చు. పార్కు లోపలి దారి అందరిదీ, దాన్ని పోటీ మైదానం చేసే హక్కు ఎవరికీ లేదు.

ఎండాకాలం గురించి మాత్రం నాకు రెండో అభిప్రాయం లేదు. డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా పార్కు మూసేస్తారు. "బండి బాగుంది, ఏసీ ఉంది, శాటిలైట్ ఫోన్ ఉంది, ఎందుకు మూయడం?" అని అడిగేవాళ్లు ఉన్నారు. 1963 డిసెంబరులో బర్డ్స్‌విల్ ట్రాక్ మీద ఇంగ్లండ్ నుంచి కొత్తగా వలస వచ్చిన ఒక కుటుంబం దారి తప్పింది. పెట్రోలు అయిపోయింది. బండిని వదిలి నీళ్ల కోసం నడిచారు. ఐదుగురూ చనిపోయారు. వాళ్లూ మనలాగే కొత్త దేశంలో కొత్త బతుకు వెతుక్కుంటూ వచ్చినవాళ్లు. బండి దగ్గరే ఉండండి అని ఎడారికి వెళ్లేవాళ్లకు పదే పదే చెప్పడానికి ఇలాంటి చావులే కారణం. విమానం నుంచి బండి కనిపిస్తుంది, మనిషి కనిపించడు. 45 డిగ్రీలు దాటిన రోజున మనల్ని వెతకడానికి వచ్చేవాళ్లు కూడా ప్రాణాలకు తెగించే రావాలి. మన సరదా కోసం వాళ్లను ఆ స్థితిలో పెట్టడం అన్యాయం. మూసివేతను ఒక్క రోజు కూడా తగ్గించకూడదని నా గట్టి అభిప్రాయం.

ఇది ప్రత్యేకంగా మనవాళ్లకు ఎందుకు చెబుతున్నానంటే, ఇక్కడ పిల్లలకు పెద్ద సెలవులు డిసెంబరు, జనవరి. ఇండియా నుంచి అమ్మానాన్నలు, అన్నదమ్ముల కుటుంబాలు వచ్చేది అప్పుడే. వచ్చినవాళ్లకు ఎడారి చూపిద్దామనుకుంటారు. అప్పుడు సముద్రతీరానికి తీసుకెళ్లండి. ఎడారి చూపించాలనుంటే టికెట్లు జూన్ నెలాఖరుకు తీయమనండి. రాత్రిళ్లు సున్నాకు దిగుతుంది కాబట్టి పెద్దవాళ్లకు మంచి రగ్గులు కావాలి. పగలు హాయిగా ఉంటుంది.

అడిలైడ్ నుంచి వెళ్లేవాళ్లకు నేను చెప్పే దారి ఇది. స్టూవర్ట్ హైవే మీద కూబర్ పీడీ దాకా 850 కిలోమీటర్లు, ఒక రాత్రి మధ్యలో ఆగండి. అక్కడి నుంచి మట్టి రోడ్డు మీద ఊడ్నదట్టా అనే ఊరికి. వాన పడితే ఆ రోడ్డు మూసేస్తారు, బోర్డు చూసి, మూసి ఉంటే ఊళ్లోనే ఉండిపోండి. మూసిన రోడ్డు మీద బండి తోలితే జరిమానా సంగతి అటుంచి, మన చక్రాలు వేసిన గాడులు ఎండాక నెలల తరబడి అక్కడివాళ్లు భరించాలి. ఆ తర్వాత డల్‌హౌసీ, కనీసం రెండు పూటలు. పార్కు పాస్, జెండా, యూహెచ్ఎఫ్, శాటిలైట్ ఫోన్ లేదా పీఎల్‌బీ (ఆపదలో శాటిలైట్‌కు సిగ్నల్ పంపే చిన్న పరికరం), రెండో బండి, ఇవి లేకుండా అక్కడి నుంచి తూర్పుకు కదలకండి. మనిషికి రోజుకు ఐదు లీటర్ల తాగునీళ్లకు తగ్గకుండా లెక్కేసుకుని, పైన ఒక వారానికి అదనంగా పెట్టుకోండి. వంటకు గ్యాస్ పొయ్యి. ఎండు కట్టెలు ఏరవద్దు, వాటి కింద బల్లులు, పాములు కాపురముంటాయి. మేము పులిహోర పులుసు ఇంట్లోనే చేసుకుని సీసాల్లో పట్టుకెళ్లాం, అన్నం ఒక్కటే వండుకుంటే గిన్నెలు తోమే నీళ్లు మిగిలాయి.

దిబ్బలు మొదలయ్యే చోట గాలి 16కు దించి, పుర్ని బోరు వైపు వెళ్లండి. నచ్చిన పల్లంలో ఆగండి. ఓపిక, నీళ్లు, డీజిల్ చూసుకుని ఇంకొంచెం లోపలికి వెళ్లండి. డీజిల్ సగానికి రాకముందే తిరగండి.

వచ్చే జులైలో మేమూ అదే దారిన వెళ్తున్నాం. కలిసి రావాలనుకునేవాళ్లు ఆఫీసులో రెండు వారాలకు లీవు అడగండి. బర్డ్స్‌విల్ మా ప్లాన్‌లో లేదు.